ఆ గంట దీపాలు ఆర్పితే మన కొండ మిగులుతుందా?



ప్రతి ఏడాది మార్చి నెల చివరికి వచ్చేసరికి మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక పోస్టర్ తిరుగుతుంది. శనివారం రాత్రి 8.30 నుంచి 9.30 దాకా ఇంట్లో లైట్లు ఆర్పండి, భూమిని కాపాడండి అని. ఎర్త్ అవర్. కాలేజీల్లో చదువుతున్న మన తమ్ముళ్లు, చెల్లెళ్లు చాలామంది దాన్ని స్టేటస్ పెట్టుకుంటారు. కొంతమంది నన్ను అడిగారు కూడా: "అన్నా, మనం ఇందులో పాల్గొనాలా వద్దా? దీనివల్ల నిజంగా ఏమైనా ఉపయోగం ఉందా?" అని.

వెటకారం చేసి వదిలెయ్యడం తేలిక. "మా ఊళ్లో ప్రతి రాత్రీ ఎర్త్ అవరే, గాలి వీస్తే చాలు కరెంటు పోద్ది" అని మనవాళ్లు నవ్వుతారు. అందులో నిజం ఉంది. కానీ ఆ ప్రశ్నకి అది జవాబు కాదు. లెక్క చూసి మాట్లాడుకుందాం.

ఎర్త్ అవర్ 2007 మార్చి 31న ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరంలో మొదలైంది. డబ్ల్యూడబ్ల్యూఎఫ్ సంస్థ మొదలుపెట్టింది. తర్వాత దేశదేశాలకి పాకింది. ఢిల్లీలో ఇండియా గేట్ దగ్గర కూడా ఆ గంట దీపాలు ఆర్పుతారు. దీంతోనే కరెంటు ఆదా అయిపోతుందని దాన్ని నడిపేవాళ్లు కూడా చెప్పరు. ఇది ఒక గుర్తు, జనాన్ని ఆలోచింపజేసే పని అని చెబుతారు. అది వాళ్ల నిజాయితీ. అయితే కింద మన దగ్గరికి వచ్చేసరికి "గంట ఆర్పాం, భూమికి మేలు చేశాం" అన్న తృప్తి మాత్రమే మిగులుతోంది.

ఒక ఇంట్లో ఐదు ఎల్‌ఈడీ బల్బులు ఉన్నాయనుకోండి. ఒక్కోటి 9 వాట్లు. ఐదూ గంటసేపు ఆర్పితే మిగిలేది 45 వాట్-అవర్లు. ఒక యూనిట్ అంటే వెయ్యి. అంటే యూనిట్‌లో ఇరవయ్యో వంతు కూడా కాదు. ఒకటిన్నర టన్నుల ఏసీ గంటకి సుమారు ఒకటిన్నర యూనిట్ లాగుతుంది. మీరు గంటంతా చీకట్లో కూర్చుని మిగిల్చింది ఆ ఏసీ రెండు నిమిషాల్లో తాగేస్తుంది. లైట్లు ఆర్పి, ఏసీ వేసుకుని, కొవ్వొత్తి పక్కన సెల్ఫీ దిగితే ఇక చెప్పేదేముంది? ఆ కొవ్వొత్తి మైనం కూడా ఎక్కువగా పెట్రోలియం నుంచే వస్తుంది.

ఇంకో సంగతి. అందరూ ఒక్కసారి స్విచ్ ఆపితే బొగ్గు మండటం ఆగిపోదు. థర్మల్ స్టేషన్‌లో బాయిలర్ గంట కోసం ఆర్పి మళ్లీ వెలిగించేది కాదు. మళ్లీ పూర్తి స్థాయికి రావడానికి చాలా గంటలు పడుతుంది. కాబట్టి మంట తగ్గించుకుంటారు తప్ప ఆర్పరు. 2020 ఏప్రిల్ 5 గుర్తుందా? కరోనా రోజుల్లో రాత్రి 9 గంటలకి 9 నిమిషాలు లైట్లు ఆర్పమన్నారు. అది పర్యావరణం కోసం కాదు, కానీ మనకి పాఠం చెప్పింది. దేశమంతా వాడకం కొద్ది నిమిషాల్లో సుమారు 31 వేల మెగావాట్లు పడిపోయింది, వెంటనే మళ్లీ లేచింది. గ్రిడ్ కూలిపోకుండా ఆ పడటాన్నీ లేవటాన్నీ సర్దినవాటిలో సగానికి పైగా వాటా జలవిద్యుత్ కేంద్రాలది. ఎందుకంటే నీటి టర్బైన్‌ని నిమిషాల్లో తగ్గించొచ్చు, నిమిషాల్లో పెంచొచ్చు.

ఈ చివరి మాట దగ్గర కాస్త ఆగండి. ఎందుకంటే మన కొండల కథ ఇక్కడే మొదలవుతుంది.

పగలు సోలార్ కరెంటు దండిగా వస్తుంది. పొద్దు గూకితే అది పోతుంది. సరిగ్గా అప్పుడే పట్నాల్లో లైట్లు, టీవీలు, ఏసీలు, మాల్స్ అన్నీ వెలుగుతాయి. సాయంత్రం 6 నుంచి రాత్రి 10 దాకా కరెంటుకి పెద్ద గిరాకీ. పీక్ అవర్స్ అంటారు. ఆ నాలుగు గంటల కోసం కరెంటు దాచిపెట్టాలి. అలా దాచే ఒక పద్ధతి పేరు పంప్డ్ స్టోరేజ్. కొండ మీద ఒక చెరువు, కింద ఒక చెరువు కడతారు. పగలు మిగులు కరెంటుతో నీళ్లు పైకి తోడతారు. రాత్రి కిందకి వదిలి కరెంటు తీస్తారు. ఇది కొత్తగా కరెంటు పుట్టించదు. నాలుగు యూనిట్లు పెట్టి తోడితే తిరిగి వచ్చేది సుమారు మూడే.

ఆ చెరువులకి ఎత్తైన కొండ, దాని కిందే లోయ, దగ్గర్లో నీళ్లు కావాలి. అవి ఎక్కడున్నాయి? అల్లూరి సీతారామరాజు జిల్లా అనంతగిరి మండలం పెదకోట దగ్గర. పార్వతీపురం మన్యం జిల్లా కురుకుట్టి, కర్రివలస దగ్గర. ఎగువ సీలేరులో 1350 మెగావాట్లది ఒకటి. అంటే మన దగ్గర. మన గెడ్డలు, మన కొండ ఊటలు, కాఫీ తోటలు, మిరియాల తీగలు, చోళ్లు, సామలు పండే పోడు భూములు ఉన్న చోట.

ఇప్పుడు ఎర్త్ అవర్ టైము మళ్లీ చూడండి. రాత్రి 8.30 నుంచి 9.30. అది సరిగ్గా ఈ పీక్ అవర్స్‌లోనే ఉంది! ఏ గంట వాడకం కోసం మన కొండల్ని అడుగుతున్నారో, సంవత్సరానికి ఒక్కసారి అదే గంట దీపాలు ఆర్పి భూమిని ప్రేమిస్తున్నామంటున్నారు. మిగతా 364 రాత్రుల సంగతి ఎవరు మాట్లాడాలి? నా జవాబు ఇదే. గంట సరైనదే. ఏడాదికి ఒక్కసారి అనేదే సమస్య.

మనం సోలార్‌కి వ్యతిరేకం కాదు. బొగ్గు తగ్గాలి అనడంలో మనకి పేచీ లేదు. కొత్తగూడెం, మణుగూరు, ఇల్లందు వైపు బొగ్గు గనుల పక్కన బతుకుతున్న కోయ బంధువులకి బొగ్గు దుమ్ము ఏమిటో ఒకరు చెప్పక్కర్లేదు. ఎండలు ముదిరినా, వానలు తప్పినా ముందు దెబ్బ తినేది వానను నమ్ముకుని పంట వేసే మనమే. కానీ "గ్రీన్" అని పేరు పెట్టినంత మాత్రాన మునిగిపోయే భూమి మునగకుండా ఉండదు కదా.

ఈ ముచ్చట మనకి కొత్తది కూడా కాదు. మాచ్‌ఖండ్‌లో 1955లో కరెంటు మొదలైంది. తర్వాత సీలేరు, డొంకరాయి, మోతుగూడెం. ఒడిశా, ఆంధ్ర కలిసి బలిమెల జలాశయం కట్టాయి. ఆ నీళ్లు చుట్టుముట్టి మల్కనగిరి జిల్లాలో 150 దాకా ఊళ్లు బయటి లోకానికి దూరమైపోయాయి. పడవే దిక్కు. గురుప్రియ వంతెన తెరిచింది ఎప్పుడు? 2018లో. నెత్తి మీద నుంచి హైటెన్షన్ లైన్లు పట్నానికి పోతుంటే కింద కిరోసిన్ బుడ్డి పెట్టుకుని చదువుకున్న తరాలు మనవి. పోలవరంలో 960 మెగావాట్ల విద్యుత్ కేంద్రం లెక్క అందరికీ తెలుసు. నిర్వాసితులయ్యే లక్షకు పైగా కుటుంబాల లెక్క ఎంతమందికి తెలుసు?

మరి నిజంగా పనికొచ్చేది ఏది? ఒక్క రాత్రితో పోకుండా రోజూ నిలిచే మార్పు. 2015 నుంచి ఉజాలా పథకం కింద దేశంలో 36 కోట్లకు పైగా ఎల్‌ఈడీ బల్బులు పంచారు. బల్బు ఒకసారి మారితే ఇక ప్రతి రాత్రీ ఆదా. ఎవరూ చీకట్లో కూర్చోనక్కర్లేదు. ఏసీని 24 డిగ్రీల దగ్గర పెట్టమని ఇంధన సామర్థ్య బ్యూరో చెబుతోంది. ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుంది. రాత్రంతా వెలిగే హోర్డింగులు, ఖాళీ ఆఫీసుల్లో తిరిగే ఏసీలు ఆపడానికి త్యాగం అక్కర్లేదు, ఒక ఆర్డర్ చాలు. కరెంటు దాచుకోవాలంటే బ్యాటరీలు పట్నం పక్కనే పెట్టుకోవచ్చు. నాగార్జునసాగర్‌లో, శ్రీశైలం ఎడమ గట్టున నీళ్లు వెనక్కి తోడగల యంత్రాలు ఎప్పటి నుంచో ఉన్నాయి. ముందు వాటిని పూర్తిగా వాడండి, తర్వాత మా కొండ దగ్గరికి రండి అని అడిగే హక్కు మనకి ఉంది.

ఇంకో విషయం మర్చిపోవద్దు. దేశంలో వాడే కరెంటులో ఇళ్ల వాటా సుమారు పావు వంతు. పరిశ్రమల వాటా 40 శాతం దాకా. ఒక టన్ను అల్యూమినియం తీయడానికి 14 వేల యూనిట్ల దాకా కరెంటు కావాలి. ఆ అల్యూమినియానికి మూలమైన బాక్సైట్ మన కొండల్లోనే ఉంది. అంటే కొండా మనదే అడుగుతారు, దాన్ని కరిగించే కరెంటుకి లోయా మనదే అడుగుతారు. ఎర్త్ అవర్ నాడు ఆ ఫ్యాక్టరీ మాత్రం ఆగదు. కరెంటు కొన్ని గంటలు పోతే లోపల కరిగిన లోహం గడ్డకట్టిపోతుంది కాబట్టి ఆపరు. బల్బు ఆర్పే బాధ్యత మాత్రం మనింటికి పంపుతారు.

అలాగని గుర్తుల వల్ల ఏమీ కాదు అనడం కూడా తప్పే. ఒక స్పష్టమైన డిమాండ్ వెనక ఉంటే గుర్తుకి బలం వస్తుంది. 2012లో రష్యాలో ఎర్త్ అవర్‌ని లైట్లతో ఆపలేదు. సముద్రంలో చమురు కాలుష్యాన్ని అడ్డుకునే చట్టం కావాలని లక్షకు పైగా సంతకాలు సేకరించారు. ఆ చట్టం వచ్చింది. అంతకంటే మనకి దగ్గరి ఉదాహరణ నియమగిరి. 2013లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత 12 ఊళ్లలో గ్రామసభలు జరిగాయి. పన్నెండూ బాక్సైట్ గని వద్దన్నాయి. డోంగ్రియా కోందు అన్నలు, అక్కలు చెయ్యెత్తి చెప్పిన ఆ మాట వల్ల కొండ నిలబడింది. చెయ్యెత్తడం కూడా ఒక చిన్న గుర్తే. కానీ దాని వెనక చట్టం ఉంది, ఊరంతా ఉంది, ఏళ్ల తరబడి పోరాటం ఉంది.

అందుకే అడిగిన తమ్ముళ్లకి, చెల్లెళ్లకి నేను చెప్పేది ఇది. పాల్గొనండి. కానీ స్టేటస్‌తో ఆపకండి. ఆ శనివారం రాత్రి ఊళ్లో అందరూ ఒకచోట కూర్చోండి. మన మండలంలో ఏ ప్రాజెక్టు వస్తోంది, ఎంత భూమి పోతుంది, ఏ గెడ్డ నీళ్లు మళ్లుతాయి? పెసా చట్టం ప్రకారం భూసేకరణకి ముందు గ్రామసభను సంప్రదించారా? మన పోడు పట్టాలు, సామూహిక అటవీ హక్కులు 2006 చట్టం కింద వచ్చాయా, ఇంకా ఆఫీసులో పడి ఉన్నాయా? తెలియనివి సమాచార హక్కు దరఖాస్తులో రాయండి. చదువుకున్నవాళ్లం మనం, ఆ కాగితం రాయడం మన పని. తెలుగులోనే కాదు, కువిలో, ఆదివాసీ ఒడియాలో, కోయలో పెద్దవాళ్లకి అర్థమయ్యేలా చెప్పడం కూడా మన పనే.

పట్నంలో ఉన్న మద్దతుదారులకి కూడా ఒక మాట. మీరు లైట్లు ఆర్పినందుకు మాకు సంతోషమే. ఆ గంట చీకట్లో ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ స్విచ్ వెనక ఏ కొండ ఉంది? తెల్లారి లైటు వేసుకున్నాక ఆ ప్రశ్నని మీ ఎమ్మెల్యేని, మీ డిస్కంని అడగండి. కరెంటు రేట్ల మీద విద్యుత్ నియంత్రణ మండలి ఏటా బహిరంగ విచారణ పెడుతుంది. అక్కడికి వెళ్లి అడగండి. మేము గ్రామసభలో వద్దన్నప్పుడు "అభివృద్ధికి అడ్డు" అనకుండా మా పక్కన నిలబడండి.

ఈసారి పోస్టర్ వస్తే ఫార్వర్డ్ చేసే ముందు కింద ఒక లైను కలపండి: మా గ్రామసభ మాట వినకుండా మా కొండ మీద చెరువు కట్టొద్దు.

జల్, జంగల్, జమీన్ మనవి. జై ఆదివాసీ.