మట్టి ట్రాక్ పోటీలు, ప్రయాణాల నియమాలపై సర్వసభ్య సమావేశ తీర్మానం

డల్లాస్ పరిసరాల్లో ఉంటూ మైక్రో స్ప్రింట్, మిడ్జెట్ కార్లతో మట్టి ట్రాక్ పోటీల్లో పాల్గొంటున్న తెలుగు కుటుంబాల సంఘం రాబోయే సీజన్ ఏర్పాట్లపై చర్చించడానికి సమావేశమైంది. కార్యవర్గం ప్రవేశపెట్టిన ఈ తీర్మానాన్ని సభ సవరణలతో ఆమోదించింది.

కొత్తగా చేరిన కుటుంబాల కోసం ముందు నాలుగు మాటలు. మైక్రో స్ప్రింట్ అంటే 600 సీసీ మోటార్‌సైకిల్ ఇంజిన్, గొలుసుతో తిరిగే వెనక ఇరుసు, ఇనుప గొట్టాల చట్రం, నాలుగు చక్రాలూ బయటికే. చక్రాలకు కప్పు ఉండదు కాబట్టి ఒక కారు చక్రం ఇంకో కారు చక్రం మీదికి ఎక్కిందంటే బండి గాల్లోకి లేస్తుంది. మిడ్జెట్ ఇంకా బలమైనది. సుమారు 900 పౌండ్ల బండిలో 300 దాటిన హార్స్‌పవర్ ఉంటుంది. దానికి స్టార్టర్ ఉండదు, వెనకనుంచి మరో బండి తోస్తేనే ఇంజిన్ అందుకుంటుంది. ఓక్లహోమాలోని తుల్సా ఎక్స్‌పో భవనం లోపలే మట్టి పోసి, చదును చేసి, పావు మైలు ట్రాక్ కడతారు. అక్కడ 1987 నుంచి ప్రతి జనవరిలో మిడ్జెట్ల ‘చిలీ బౌల్’ జరుగుతోంది. సంవత్సరం మారే వారంలో అదే మట్టి మీద మైక్రోల ‘తుల్సా షూటౌట్’ నడుస్తుంది. అన్ని తరగతులూ కలిపి దానికి వెయ్యికి పైగా ఎంట్రీలు వస్తాయి. మన పిల్లల్లో చాలామంది ఏడాదంతా ఎదురుచూసేది ఈ రెండింటి కోసమే. 2020, 2021, 2025లో చిలీ బౌల్ గెలిచిన కైల్ లార్సన్ 2021లోనే నాస్కార్ కప్ ఛాంపియన్ కూడా అయ్యాడు. కాబట్టి ఈ మట్టి మీద నేర్చుకున్నది పెద్ద ట్రాకుల మీదా పనికొస్తుందని పిల్లలకు మనం వేరే చెప్పక్కర్లేదు.

డల్లాస్ నుంచి తుల్సాకు దాదాపు 260 మైళ్లు. రేసు కారు లోపల పిల్లవాడికి రోల్ కేజ్ ఉంది, ఐదు చోట్ల బిగించే బెల్ట్ ఉంది, మెడకు రక్షణ ఉంది, పక్కనే అంబులెన్స్ ఉంది. అదే పిల్లవాడు అర్ధరాత్రి పికప్ వెనక సీట్లో నిద్రపోతూ ఇంటికి వస్తున్నప్పుడు వీటిలో ఏదీ ఉండదు. పొద్దున ఐదింటికి లేచిన నాన్న మాత్రమే ఉంటాడు. మన సభ్యులు ట్రాక్ మీద చూపే శ్రద్ధలో సగం కూడా దారిమీద చూపడం లేదన్నది ఈ సభ అభిప్రాయం. అందుకే తీర్మానంలో మొదటి మాట రేసు గురించి కాదు, తిరుగు ప్రయాణం గురించి.

రాత్రి పోటీ ముగిశాక, కనీసం ఎనిమిది గంటల విరామం లేకుండా, సభ్యులెవరూ ట్రెయిలర్ తగిలించిన బండిని నడపరాదని ఈ సభ తీర్మానిస్తోంది. తుల్సాలో ఆఖరి శనివారం పోటీలు పొద్దున్నే మొదలవుతాయి. అక్షరాల వరుసలో అడుగునున్న మెయిన్ నుంచి ఒక్కొక్క మెట్టూ ఎక్కుతూ ఎ-మెయిన్ అనే తుది పోటీ దాకా వచ్చేసరికి రాత్రి బాగా పొద్దుపోతుంది. గెలిచినవాళ్లకు ఆనందంలో నిద్ర పట్టదు, ఓడినవాళ్లకు బాధలో పట్టదు. ఇద్దరికీ ఒంట్లో అలసట తెలియదు. అది తెలిసేది ఇంటిదారిలో మెకాలెస్టర్ ఊరు దాటాక, చీకట్లో, ముందు బండి బ్రేక్ లైట్లు మసకగా కనిపించినప్పుడు.

ఈ అంశంపై చర్చ చాలాసేపు సాగింది. హోటల్‌లో ఇంకో రాత్రి ఉండాలంటే ఖర్చు పెరుగుతుందని, సోమవారం ఆఫీసులో ఉండాలని, ఇన్నేళ్లుగా అలాగే వస్తున్నామని, ఏమీ కాలేదని కొందరు సభ్యులు అభ్యంతరం చెప్పారు. ఖర్చు గురించిన మాట న్యాయమైనదే కాబట్టి దానికి సభ ఏర్పాటు చేస్తోంది: తుల్సా వెళ్లే ప్రతి జట్టుకూ ఆ చివరి రాత్రి గది అద్దెలో సగం సంఘం నిధి నుంచి ఇస్తారు. ఇప్పటిదాకా ఏమీ కాలేదన్న వాదనను మాత్రం సభ అంగీకరించడం లేదు. గ్రీన్‌విల్ లాంటి గంట దూరపు ట్రాకులకు ఒక సడలింపు ఉంది. ఆ రోజు పిట్‌లో పని చేయకుండా, మధ్యాహ్నం నిద్రపోయి వచ్చిన పెద్దవారు ఒకరుంటే వారు బండి నడపవచ్చు. ఆ ఒకరు ఎవరన్నది బయలుదేరే ముందే చెప్పాలి, తిరుగు ప్రయాణంలో తేల్చుకోకూడదు.

ఇక వెళ్లే దారి. యూఎస్ 75 మీద షెర్మన్, డ్యురాంట్ మీదుగా అటోకా వెళ్లి, అక్కడ యూఎస్ 69 పట్టుకుని మెకాలెస్టర్ చేరి, అక్కడ ఇండియన్ నేషన్ టర్న్‌పైక్ ఎక్కి హెన్రియెటా దగ్గర దిగి మళ్లీ 75 పట్టుకోవడం మనకు అలవాటైన దారి. మన టెక్సస్ టోల్ ట్యాగ్ ఓక్లహోమాలోనూ పనిచేస్తుంది. టోల్ ఇరుసుల లెక్కన పడుతుంది కాబట్టి ట్రెయిలర్‌తో వెళ్లినప్పుడు బిల్లు పెద్దదిగా రావడం సహజం, కోశాధికారికి ఫోన్ చేయనవసరం లేదు. టర్న్‌పైక్ మీద బంకులు దూరం దూరంగా ఉంటాయి. మెకాలెస్టర్‌లో ట్యాంకు నింపుకోనిదే ఎక్కరాదు.

ప్రతి జట్టూ బయలుదేరిన 50 మైళ్లలోపు, అంటే మనకు షెర్మన్ చేరేలోపు, ఒకసారి బండి ఆపి తీరాలి. ట్రెయిలర్ చక్రాల నట్లను టార్క్ రెంచ్‌తో మళ్లీ బిగించాలి. కొత్తగా బిగించిన నట్లు మొదటి మైళ్లలోనే వదులవుతాయి. తరువాత ఒక్కొక్క హబ్ మీదా అరచేయి ఆనించి చూడాలి. నాలుగింటిలో మూడు గోరువెచ్చగా ఉండి ఒకటి చేయి పెట్టలేనంత వేడిగా ఉంటే ఆ బేరింగ్ తుల్సా చేరదు. దీనికి పట్టేది పది నిమిషాలు. ట్రెయిలర్ బరువులో పదో వంతుకు తక్కువ కాకుండా, ఏడో వంతు దాటకుండా హిచ్ మీద పడేలా సామాను సర్దాలి. రేసు కారు, స్పేర్ ఇంజిన్, పనిముట్ల పెట్టె అన్నీ ఇరుసు వెనక్కి తోస్తే ట్రెయిలర్ తోక ఊపడం మొదలుపెడుతుంది. ఓక్లహోమా మైదానాల్లో అడ్డంగా కొట్టే గాలికి అది ఆగదు.

డిసెంబర్, జనవరిలో ఆ దారిలో వాన పడుతూ పడుతూనే రోడ్డు మీద మంచుగడ్డ కడుతుంది. గడ్డకట్టే వాన హెచ్చరిక ఉన్న గంటల్లో మన ట్రెయిలర్ ఏదీ రోడ్డెక్కరాదు. చెకిన్ తప్పినా, ఎంట్రీ ఫీజు పోయినా సరే. ఈ నిర్ణయం బండి నడిపేవారిది కాదు. కొత్తగా నియమించే ప్రయాణ కార్యదర్శి వద్దంటే వద్దు. కాబట్టి ఒక రోజు ముందే బయలుదేరడం మంచిది.

కాగితాల విషయంలో సభ్యులకు కొంత అయోమయం ఉంది. బండికీ ట్రెయిలర్‌కూ తయారీదారు నిర్ణయించిన మొత్తం బరువు 10,001 పౌండ్లు లేదా అంతకు మించి ఉండి, వ్యాపారం కోసం రాష్ట్రం దాటితే ఫెడరల్ వాణిజ్య వాహన నియమాలు వర్తిస్తాయి. సొంత సామానును సొంత సరదాకు అప్పుడప్పుడూ తీసుకెళ్లేవారికి మినహాయింపు ఉంది. కానీ ట్రెయిలర్ మీద స్పాన్సర్ పేరు పెద్దక్షరాల్లో రాయించుకుని, పన్ను లెక్కల్లో రేసింగ్ ఖర్చును వ్యాపార ఖర్చుగా చూపించి, దారిలో ఆపిన అధికారితో ఇది సరదా అంటే నిలబడదు. రెండింటిలో ఏదో ఒకటి ఎంచుకోవాలి. అలాగే హెచ్-1బీ మీద ఉన్నవారికి తమ యజమాని దగ్గర తప్ప మరోచోట సంపాదన కోసం పనిచేసే అనుమతి లేదు. అందువల్ల వీసా మీద ఉన్న సభ్యులు, వారి పిల్లలు ప్రైజ్ మనీ గానీ స్పాన్సర్ డబ్బు గానీ తీసుకునే ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌ను అడిగి, లాయర్ మాటను రాతపూర్వకంగా దగ్గర ఉంచుకోవాలి. ట్రోఫీ తెచ్చుకోవడానికి ఎవరినీ అడగక్కర్లేదు. ఆరోగ్య బీమా మోటార్ రేసింగ్ గాయాలకు వర్తిస్తుందో లేదో ప్రతి కుటుంబమూ సీజన్‌కు ముందే కంపెనీ నుంచి రాయించుకోవాలి.

మన ఇళ్లలో అన్నయ్య బట్టలు తమ్ముడికి రావడం ఆనవాయితీ. హెల్మెట్లకూ బెల్టులకూ ఈ ఆనవాయితీ చెల్లదని సభ స్పష్టం చేస్తోంది. బెల్టుకు కుట్టిన ఎస్‌ఎఫ్‌ఐ చీటీ మీద తయారీ నెల, సంవత్సరం చిల్లు పడి ఉంటాయి. 16.1 ప్రమాణం బెల్టుకు ఆ తేదీ నుంచి రెండేళ్లే ఆయుష్షు, ఒక్కసారి కూడా వాడకపోయినా. ఎండకూ మట్టికీ తడికీ నేత బలం తగ్గుతుంది, పైకి ఏమీ కనిపించదు. హెల్మెట్‌లో స్నెల్ ‘ఎస్‌ఏ’ గుర్తు ఉండాలి. ‘ఎం’ గుర్తు ఉన్నది మోటార్‌సైకిల్ హెల్మెట్, దానికి నిప్పు పరీక్ష లేదు. సూట్ ఎస్‌ఎఫ్‌ఐ 3.2ఎ/5 ప్రమాణానికి తగ్గకూడదు. మంట మధ్య ఒంటికి తీవ్రంగా కాలే గాయం కాకుండా అది సుమారు పది సెకన్లు కాపాడుతుంది. ఆ పది సెకన్లలోనే బెల్టు విప్పి బయటపడాలి కాబట్టి కళ్లకు గంతలు కట్టి పిల్లల చేత ఇంటి దగ్గరే సాధన చేయించాలి. తల, మెడ రక్షణ పరికరం, చేతులు బయటికి విసిరేయకుండా పట్టే ఆర్మ్ రిస్ట్రెయింట్లు ప్రాక్టీస్ ల్యాపుల్లో కూడా తప్పనిసరి. కొనుక్కునే స్తోమత ఈ ఏడాదికి లేని కుటుంబం కార్యదర్శికి చెబితే చాలు. పేరు సభలో చెప్పకుండా సంఘం కొనిస్తుంది.

ఇంధనం గురించి. మిడ్జెట్లు, చాలా మైక్రోలు మిథనాల్ మీద నడుస్తాయి. దాని మంట పగటి వెలుతురులో కంటికి కనపడదు. ఎవరైనా కారణం లేకుండా చేతులు విదిలిస్తూ గెంతుతుంటే అతను కాలిపోతున్నాడని అర్థం. మిథనాల్ నీటిలో కలిసిపోతుంది కాబట్టి నీళ్లతో ఆర్పవచ్చు. ఇంధనం పోసేటప్పుడు పక్కనే నిండు బకెట్ ఉండాలి. కల్తీ సారా తాగి చూపు పోయినవాళ్ల గురించి మనం ఊళ్లలో విన్న కథలన్నీ ఈ పదార్థం చేసినవే. పిల్లలు దాన్ని ముట్టుకోరాదు, మంచినీళ్ల సీసాల్లో పోసి ఉంచరాదు, బండిలో మనుషులు కూర్చునే చోట తీసుకెళ్లరాదు. చలి రాత్రుల్లో ట్రెయిలర్ లోపల జెనరేటర్ గానీ గ్యాస్ హీటర్ గానీ పెట్టుకుని ఎవరూ నిద్రపోరాదు.

కారు ఆగిపోయినా, తిరగబడినా, నిప్పు లేనంతవరకు డ్రైవర్ లోపలే ఉండాలి. రక్షణ సిబ్బంది వచ్చి దిగమన్నప్పుడే దిగాలి. 2014 ఆగస్టు 9న న్యూయార్క్ రాష్ట్రంలోని కెనండైగ్వా ట్రాక్‌పై 20 ఏళ్ల కెవిన్ వార్డ్ జూనియర్ పసుపు జెండా అమల్లో ఉండగా కారు దిగి, వస్తున్న కారు తగిలి చనిపోయాడు. కోపం ఎంత న్యాయమైనదైనా దాన్ని ట్రాక్ మీదికి నడుచుకుంటూ తీసుకెళ్లకూడదు. ఈ నియమం తప్పిన డ్రైవర్‌కు, వయసు ఎంతైనా, తరువాతి రెండు పోటీలకు సంఘం సాయం ఉండదు. పెద్దలకూ ఇదే వర్తిస్తుంది. తీర్పు నచ్చకపోతే మరునాడు పొద్దున, ఒక్కరే వెళ్లి, కూర్చుని మాట్లాడాలి. రాత్రి అధికారుల గది ముందు గుంపుగా నిలబడటం మన సంఘం పేరుతో జరగకూడదు.

2014 చిలీ బౌల్ విజేత బ్రయన్ క్లాసన్ 2016 ఆగస్టులో కాన్సస్‌లోని బెల్‌విల్‌లో మిడ్జెట్ పోటీలో గాయపడి మరణించాడు. ఆయన అవయవాలు ఇతరులకు ప్రాణం పోశాయి. 18 దాటిన మన డ్రైవర్లు ఇంట్లో మాట్లాడుకుని అవయవదాతలుగా పేరు నమోదు చేసుకోవాలని సభ కోరుతోంది. ఇది విజ్ఞప్తి, నిబంధన కాదు.

టైర్లు, కనీస బరువు, రెస్ట్రిక్టర్ల విషయంలో ఏ ట్రాక్ పుస్తకం ఆ ట్రాక్‌దే. ఆ వారపు నియమాలు అచ్చు తీసి టూల్ బాక్స్ మూతకు అంటించాలి. రేసు ముగియగానే చక్రాల లోపలి అంచున అట్టకట్టిన మట్టిని పచ్చిగా ఉండగానే గీకేయాలి. ఒక చక్రంలో పిడికెడు మట్టి ఆరిపోయిందంటే తరువాతి హీట్‌లో స్టీరింగ్ వణుకుతుంది, లోపం ఎక్కడుందో వెతుక్కుంటూ కూర్చోవాలి.

‘ఈ రోజు నడపను’ అని పిల్లవాడు గానీ పిల్ల గానీ అంటే ఆ మాటే చివరి మాట. కారణం అడగరాదు. ఎంత దూరం వచ్చామో, ఎంత ఖర్చు పెట్టామో గుర్తు చేయరాదు. ఏ ట్రాక్ పుస్తకంలోనూ ఈ నియమం కనపడదు, అయినా మన సంఘంలో ఇది అన్నింటికంటే పైది. దీన్ని ప్రతిపాదించింది అమ్మలు. సభ దీనికి ఒక్క అక్షరం కూడా సవరణ చేయలేదు.

చిలీ బౌల్ జనవరి నడి వారంలో వస్తుంది కాబట్టి భోగి, సంక్రాంతి దాదాపు ఏటా తుల్సా పిట్‌లోనే గడిచిపోతున్నాయి. సంఘం సంక్రాంతి వేడుకను ఇకపై జట్లు తిరిగి వచ్చాక, ఆ మరుసటి ఆదివారం జరపాలి. ముగ్గుల పోటీ, బొమ్మల కొలువు, అరిసెలు అన్నీ అప్పుడే. పోటీ రోజుల్లో తుల్సాలో ఉన్న కుటుంబాలకు పండుగ పూట భోజనం వండి పంపే బాధ్యత ఆ ఏడు ప్రయాణం పెట్టుకోని కుటుంబాలది.

ఈ నియమాలు ఆమోదించిన రోజు నుంచే అమల్లోకి వస్తాయి. ప్రయాణ కార్యదర్శి పదవికి ఒకరిని, వారు డ్రైవర్ కుటుంబానికి చెందనివారై ఉండేలా, కార్యవర్గం నెలలోపు నియమించాలి. తిరుగు ప్రయాణ నియమంపై అభ్యంతరం తెలిపిన సభ్యులు ఓటింగ్‌లో తటస్థంగా ఉన్నారు. మిగతా అంశాలన్నింటినీ సభ ఏకగ్రీవంగా ఆమోదించింది. తీర్మానం ప్రతిని ప్రతి సభ్య కుటుంబానికీ పంపి, తల్లిదండ్రులిద్దరి సంతకాలతో తిరిగి తీసుకోవాలని కార్యదర్శిని ఆదేశించడమైనది.