దెయ్యం కథ చదివితే చెడిపోతామా?



"ఆ దెయ్యాల పుస్తకాలు పక్కన పడేసి చదువుకోండిరా" అనే మాట హాస్టల్లో పెరిగిన వాళ్ళందరం విన్నదే. అలా అన్న పెద్దల మీద మాకు గౌరవం ఉంది. కానీ ఆ మాటతో మేము ఏకీభవించలేము. పుస్తకమంటేనే పారిపోయే పిల్లవాడి చేత కూడా పది పేజీలు ఏకబిగిన చదివించే శక్తి భయానికి ఉంది.

మన హాస్టళ్ళకు వచ్చే చాలామంది ఇళ్ళలో పాఠ్యపుస్తకం తప్ప మరో పుస్తకం ఉండదు. తొమ్మిదో తరగతికి వచ్చినా కూడబలుక్కుని చదివే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఉన్నారు. వాళ్ళకు మూడో తరగతి కథలిస్తే సిగ్గుపడతారు. లావుపాటి జీవితచరిత్ర ఇస్తే బెదురుతారు. వాళ్ళకు కావలసింది వయసుకు తగిన కథ, సులువైన మాటలు, అరవై డెబ్భై పేజీల పుస్తకం. స్కాట్లాండ్‌లో మొదలైన బారింగ్టన్ స్టోక్ సంస్థ చదవడానికి వెనుకాడే పిల్లల కోసమే ఇలాంటి పొట్టి పుస్తకాలు వేస్తోంది. కళ్ళకు సుఖంగా ఉండేలా అక్షరాలను, కాగితం రంగును కూడా ఎంచుకుంటుంది.

తెలుగులో 1947 జూలైలో మొదలైన చందమామ ఎన్నో ఏళ్ళు ఆ లోటు తీర్చింది. దాసరి సుబ్రహ్మణ్యం గారి తోకచుక్క, రాకాసిలోయ వంటి సీరియళ్ళ కోసం పిల్లలు నెలంతా ఎదురుచూసేవారు. ఆ పత్రిక ఇప్పుడు రావడం లేదు. 1980 ప్రాంతంలో ఆంధ్రభూమి వారపత్రికలో వచ్చిన యండమూరి వీరేంద్రనాథ్ గారి తులసిదళం రాష్ట్రమంతటినీ చదివించింది. కాకపోతే అది పెద్దల నవల, పెద్ద నవల కూడా.

ఆ నవలను రంగనాయకమ్మ గారు 'తులసిదళం కాదు, గంజాయి దమ్ము' అంటూ తీవ్రంగా విమర్శించారు. ఆ విమర్శను తేలిగ్గా తీసుకోలేము. చేతబడి చేశారన్న అనుమానంతో మనుషుల్ని కొట్టి చంపిన వార్తలు మనం చదివాం. ఆ దెబ్బలు తినేది ఎక్కువగా దిక్కులేని ముసలివాళ్ళు, ఒంటరి ఆడవాళ్ళు, పేదలు. అంటే మనవాళ్ళే.

అయితే పుస్తకం దాచేస్తే భయం పోతుందా? శ్రీహరికోట నుంచి లేచిన రాకెట్‌ను మేడ మీద నిలబడి చూసి చప్పట్లు కొట్టిన మనమే, అదే రాత్రి బాత్‌రూముకు వెళ్ళడానికి పక్కవాణ్ణి లేపుతాం. పులికాట్ వైపు పల్లెల్లో కొరివిదెయ్యాల కథలు అవ్వల నోట వింటూనే పెరిగాం. చీకట్లో విన్న మాటను నిలదీయడం కష్టం. అచ్చులో ఉన్నదాన్ని మాత్రం పేజీ వెనక్కి తిప్పి పరీక్షించవచ్చు. దెయ్యాన్ని కళ్ళారా చూసింది ఎవరు? ఎవరో చెప్తే విన్నది ఎవరు? ఆ పుకారు వల్ల లాభం ఎవరికి? బేతాళుడు కూడా కథ చెప్పి ఊరుకోడు. చివర్లో ప్రశ్న వేస్తాడు, తెలిసీ చెప్పకపోతే తల పగిలిపోతుందంటాడు. మనకు కావలసింది ఆ పద్ధతే.

కనుక మా విన్నపం ఇది. లైబ్రరీ బీరువాలో గైడ్ల పక్కన పది పొట్టి సస్పెన్స్ నవలలు పెట్టండి. బీరువా తాళం పదో తరగతి వాళ్ళకివ్వండి. ఆదివారం ఆదివారం ఒక పుస్తకం గురించి మాట్లాడుకుని, బేతాళుడిలా ఒక ప్రశ్న వేసుకోండి. పూర్వ విద్యార్థులం తలా ఒక పుస్తకం తెద్దాం. తగినవి దొరక్కపోతే స్వర్ణముఖి ఒడ్డున జరిగే కథ మనమే రాద్దాం. వచ్చే వార్షికోత్సవ సంచికలో దానికి నాలుగు పేజీలు కేటాయించమని సంపాదకులను ఇప్పుడే కోరుతున్నాం.