మీకు ఇన్వర్టర్ ఉంది కదా!

కరెంటు పోయింది. మీ ఫ్యాను ఆగలేదు. మూలనున్న ఇన్వర్టర్ టిక్కుమంది, మీరు మళ్లీ టీవీ వైపు తిరిగారు.

అంతే. మీ లెక్కలో కరెంటు సమస్య తీరిపోయింది.

ఒక్కసారి బీదర్ నుంచి భాల్కి దాటి రండి. పగలొద్దు, రాత్రి పదకొండుకు రండి. చెరకు చేలో బ్యాటరీ లైటు వెలుతురు కదులుతుంటుంది. దొంగ కాదు. ఈ వారం త్రీఫేజ్ వంతు రాత్రిదైంది, మోటారు వేయడానికి పోతున్న రైతు. గట్టు మీద పాము ఎక్కడుందో తెలియదు. స్టార్టర్ డబ్బాకు ఎంత తేమ పట్టిందో తెలియదు.

ఏం, పగలు సూర్యుడు లేడా?

ఉన్నాడు. ఆ సూర్యుణ్ని నమ్ముకునే బీదర్‌లో 2,500 మెగావాట్ల సోలార్ జోన్ తలపెట్టారు. ఆ కరెంటు మోయడానికి ఇక్కడి నుంచి హైదరాబాద్ పక్కన మహేశ్వరం దాకా 765 కేవీ లైనుకు ప్లాను గీశారు. దూరం పోయే కరెంటుకు దారి దొరికింది. పక్క చేనికి? దానికీ 2019లోనే పీఎం-కుసుమ్ పథకం వచ్చింది. వ్యవసాయ ఫీడర్‌ను సోలార్‌కు కలిపి పగలే నీళ్లు పెట్టుకోనిచ్చే ఏర్పాటు అందులోదే. మీ ఊరి ఫీడర్ ఆ జాబితాలో ఉందా?

ఎన్నడైనా అడిగారా?

కరెంటు నడక మారిపోయింది. ఒకప్పుడు రాయచూరులో బొగ్గు మండితే, శరావతిలో నీళ్లు దూకితే వచ్చేది. ఇప్పుడు మిట్టమధ్యాహ్నం పొంగుతుంది, పొద్దు గుంకగానే లాగులాట. అది తెలిసే కేంద్రం 2023లో, ఎండ ఉన్న గంటల్లో రేటు కనీసం 20 శాతం తగ్గించాలని నిబంధన తెచ్చింది. వ్యవసాయాన్ని మాత్రం పక్కన పెట్టింది. పెట్టనీ, బిల్లే లేని రైతుకు రేటుతో పనేముంది? అతనికి కావలసింది వేళ. ఆ వేళ ఏ ఆఫీసులో, ఏ కుర్చీలో తేలుతుందో మీకు తెలుసా?

చట్టాలకు కొదవా? కర్ణాటక 1999లోనే సంస్కరణ చట్టం చేసింది, నియంత్రణ కమిషన్‌ను పెట్టింది. 2002లో మనకు కరెంటు పంచే జెస్కామ్ వచ్చింది. 2003లో దేశానికంతటికీ విద్యుత్ చట్టం వచ్చింది. వచ్చి ఏమైంది?

మీటరు లేకుండా కరెంటు ఇవ్వొద్దని ఆ చట్టం 55వ సెక్షన్ రెండేళ్ల గడువు పెడితే ఇరవై ఏళ్లు దాటినా పంపుసెట్ల వాడకాన్ని అంచనాలతోనే నెట్టుకురావడం, ఆ అంచనా చాటున ఎవరి దొంగతనం రైతు ఖాతాలో పడుతోందో ఎవరికీ పట్టకపోవడం, సర్కారు ఉచితమన్నదానికి సొమ్ము ముందే కట్టాలని 65వ సెక్షన్ చెబుతున్నా బాకీలు పేరుకోవడం, ఆ లోటును రేపటి మీదికి తోస్తూ తోస్తూ పోతే 2025 ఆగస్టులో సుప్రీంకోర్టే దేశంలోని కమిషన్లన్నిటినీ మందలించాల్సి రావడం, 2023లో వాన ముఖం చాటేస్తే ఏడు గంటలన్న త్రీఫేజ్ అక్టోబరుకల్లా ఐదు గంటలకు దిగడం, సర్కారు అప్పుడు నిద్రలేచి 11వ సెక్షన్ ప్రయోగించి ప్రైవేటు ఉత్పత్తిదారులను మనకే అమ్మమని ఆదేశించడం, సేవ ఆలస్యమైతే పరిహారం దానంతటదే రావాలని 2020లో నిబంధనలొచ్చినా ట్రాన్స్‌ఫార్మర్ కాలిన పల్లెలో రైతులే చందాలేసుకుని దాన్ని ట్రాక్టర్ ఎక్కించడం, 2021లో ఒక్క ఏడాదే దేశంలో 12,500 మందికి పైగా కరెంటు తగిలి చస్తే దాన్ని విధి రాత అనేయడం!

విధి రాతా? వేలాడే తీగను విధి కట్టిందా?

ఉచితం వద్దని నేననడం లేదు. గృహజ్యోతి 200 యూనిట్లు మీరూ వాడుతున్నారు, నేనూ వాడుతున్నాను. లెక్క చెప్పమంటున్నాను, అంతే. లెక్క లేనిచోట రైతుకు దక్కేది అర్ధరాత్రే.

రేటు పెంచాలన్నప్పుడల్లా కమిషన్ అభ్యంతరాలు రాయమంటుంది, బహిరంగ విచారణ పెడుతుంది. మీరు ఒక్క కాగితం రాశారా? రేటు పెరిగాక వాట్సాప్‌లో తిట్టడం అభ్యంతరం కాదు. కన్నడ రాదంటారా? లైన్‌మన్ మీద అరిచేటప్పుడు బాగానే వస్తుందే!

జహీరాబాద్ అవతలి చుట్టాలు నవ్వుకోనక్కర్లేదు. మీకు 2018 జనవరి నుంచి సేద్యానికి 24 గంటల కరెంటు, నిజమే. మీ బోరు మోటారుకు మీటరెక్కడ? ఎవరు ఎంత వాడారో మీకు మాత్రం తెలుసా?

నౌబాద్‌లో సురంగ బావి చూడ్డానికి పిల్లల్ని తీసుకెళ్తారు మీరు. బహమనీల కాలంలో మోటారు లేకుండా భూమి లోపల నీళ్లు నడిపారని గొప్పగా చెబుతారు, సెల్ఫీ దిగుతారు. బయటికొచ్చి రోడ్డు దాటి ఏ చేనుకైనా వెళ్లి, నీళ్లు ఎప్పుడు పెడతావయ్యా అని అడిగారా?

పదకొండైంది. త్రీఫేజ్ వచ్చింది. అతను చెప్పులేసుకుని గట్టెక్కాడు. మీరు ఏ చానల్ చూస్తున్నారు?