కడుపులోని బాధకు మరొక వైద్యుని మాట

తిన్నది అరుగుట లేదనియు, నాలుగు ముద్దలు తినునంతలో పొట్ట బిగియుచున్నదనియు, రాత్రివేళ రొమ్ముక్రింద మంటయనియు చెప్పుకొను రోగికి మన పట్టణములలోని ఆస్పత్రులయందు సాధారణముగా లభించునది ‘గ్యాసమ్మా, మరేమీ లేదు’ అను ఊరడింపును, పరగడుపున వేసికొనవలసిన పాంటాప్రజోల్ మాత్రలును. ఈ మాట తరచుగా నిజమే అగుటయే ఇందలి చిక్కు. ఇట్టి బాధితులలో హెచ్చుమందికి కడుపులో పుండుగాని కంతిగాని ఉండదు; కావున చెవి వినుట ముగియకముందే వైద్యుని చేయి చీటీపై కదలుచుండును. వెలుపలి బల్లలపై వేచియున్న జనమును చూచినవారు ఆయనను తొందరపడి నిందింపజాలరు. 67 దేశములలో ప్రాథమిక వైద్యులు ఒక్కొక్క రోగికి వెచ్చించు కాలమును గూర్చిన పరిశీలన యొకటి 2017లో వెలువడగా, అందు మన దేశపు వంతు ఇంచుమించు 2 నిమిషములని తేలినది. బాధను చెప్పుకొనుటకే చాలని ఆ వ్యవధిలో దాని మూలమును శోధించుట యెక్కడిది?

అయినను ఆ ఊరడింపు చెల్లని సందర్భములు కలవు. ప్రయత్నింపకయే బరువు తగ్గుట, మ్రింగుడు పడకుండుట, మలము తారువలె నల్లనగుట, నొప్పియో విరేచనమో నిద్రనుండి లేపుట, వీనిలో ఏ యొక్కటి కనబడినను గ్యాసను మాటతో రోగిని పంపివేయరాదు. ముట్లుడిగిన స్త్రీకి ఇనుము కొరవడి హీమోగ్లోబిన్ 8కి దిగినప్పుడు ఐరన్ మాత్రలు వ్రాసి ఊరకుండుట చికిత్స కాదు. రక్తము జీర్ణమార్గమున ఎచ్చటనైన కారుచున్నదేమో వెదకవలసియున్నది. ఏబది దాటిన స్త్రీకి క్రొత్తగా మొదలై వదలని ఉబ్బరము అండాశయపు క్యాన్సరుకు తొలిసూచన కావచ్చును. ఆమె వినునది మాత్రము ‘టెన్షన్ పెట్టుకోకమ్మా’ అను హితవు. మలముతో రక్తము పడినచో చూడకయే మొలలని పేరుపెట్టి పూతమందు వ్రాయుట మరియొక అలవాటు. పురీషనాళపు క్యాన్సరులలో పెక్కింటిని తొడుగు వేసికొనిన వ్రేలితోనే కనుగొనవచ్చును. అందుకు యంత్రము అక్కరలేదు, తెరచాటున ఒక్క నిమిషము చాలును. రోగి సిగ్గును వైద్యుని తొందరయు ఏకమగుటచే ఆ నిమిషము దొరకక నెలలు గడచిపోవును. ఇక ఆమ్లమును అణచు మాత్రల సంగతి మరింత విచిత్రము: జీర్ణకోశములోని క్యాన్సరు పుండు సైతము ఆ మాత్రలతో కొంతకాలము పైకి మానినట్లు కనిపించి, రోగిచేత వైద్యునికి నమస్కారము కూడ పెట్టించును. (చెమటలు పట్టించుచు రొమ్ముక్రింద పట్టివేయు నొప్పి వేరు, అది గుండెపోటు కావచ్చును గనుక అప్పుడు కావలసినది రెండవ అభిప్రాయము కాదు, తక్షణమే ఇ.సి.జి.)

వైద్యుడు శ్రద్ధావంతుడైనను పొరబడదగిన చోటు ఒకటి చెప్పెదను. చిన్నప్రేగు పెద్దప్రేగుతో కలియు మలుపున క్షయయు, క్రోన్స్ అను వ్యాధియు ఒకే విధమైన పుండ్లు పుట్టించి, దారి ఇరుకు చేసి, జ్వరము, నొప్పి, కృశించుట అను ఒకే వేషమున ప్రత్యక్షమగును. కొలనోస్కోపీలో చూచినవారును, తీసిన ముక్కను సూక్ష్మదర్శినిక్రింద చూచినవారును సందేహమున పడుట కలదు. క్షయ విస్తారముగా నున్న మన దేశమున ముందు క్షయమందులే మొదలుపెట్టి చూచుట వాడుక. అది తప్పు కాదు. కాని రెండు మూడు నెలలకు మరల లోపల చూచి, పుండ్లు మానినవో లేదో తేల్చుకొనక, ఆరునెలల కోర్సు ముగిసిన పిమ్మటను అవే మందులు మ్రింగించుచు పోవుట తప్పు. దీనికి విపర్యయముగా, క్షయను క్రోన్స్ అని భ్రమించి స్టెరాయిడ్లు ఇచ్చినచో లోపలి క్షయ ప్రజ్వరిల్లును. ఇట్టిచోట మరియొక నిపుణుడు కూడ చూడవలెనని కోరుట వైద్యుని అవమానించుట యెట్లగును?

వైద్యము చదివినవాడే మరొక వైద్యుని ఆశ్రయించిన ఉదాహరణ మొకటి కలదు. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి ఇంట స్ప్రూ అను దీర్ఘవిరేచనవ్యాధి ఇద్దరు సోదరులను పొట్టనబెట్టుకొన్నది. అది ఆయనకును రాగా, కోలుకొన్నది ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేదచికిత్సవలన. మదరాసులో పాశ్చాత్యవైద్యము నభ్యసించిన ఆ యువకుడు, అదే వైద్యమున పట్టము పొందియు ఆయుర్వేదమును చేపట్టిన ఆ పెద్దమనిషి మందు పుచ్చుకొనుటకు సంకోచింపలేదు. తరువాత అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందము 1945లో ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగ తయారుచేయగా, ఆ పదార్థము స్ప్రూ వ్యాధికే ఔషధముగా పరిణమించినది. ఆయుర్వేదమునకు ప్రకటనగా ఈ వృత్తాంతమును చెప్పుటలేదు. తాను చదివిన వైద్యమున కుదరని రోగమునకు మరొక తలుపు తట్టినవాడు వైద్యవిద్యకు ద్రోహి కాలేదని మాత్రమే నా తాత్పర్యము.

మనవారి వరుస వేరు. కుటుంబవైద్యుని దాటి పోయినచో ఆయన నొచ్చుకొనునని వెరచి ఏండ్ల తరబడి అదే చీటీని తిరుగవ్రాయించుకొనువారు ఒక తెగ. చెప్పకుండ పోయి, క్రొత్త వైద్యుని యెదుట పాత కాగితములు దాచి, ‘చూతము, ఈయన ఏమి కనిపెట్టునో’ అని ఆయనకే పరీక్ష పెట్టువారు మరియొక తెగ. బట్టలకొట్టు సంచిలో స్కానింగు ఫిల్ములును, ఎండోస్కోపీ రంగుబొమ్మలును కుర్చీ క్రిందనే ఉండగా, రోగి నిబ్బరముగా ‘ఇంతవరకూ ఎక్కడా చూపించుకోలేదండీ’ అనును. అంతట అదే రక్తపరీక్ష, అదే స్కానింగు, తుదకు అదే పాంటాప్రజోల్, పేరు మాత్రము వేరొక కంపెనీది. ఇది రెండవ అభిప్రాయమును పొందుట కాదు, మొదటి అభిప్రాయమునే రెండుమారులు కొనుట. ఏ పరీక్ష జరిగినదో, ఏ మందుకు బాధ లొంగలేదో తెలిసిననాడే రెండవ వైద్యుని బుద్ధి మొదటివాడు ఆగిన చోటినుండి ముందుకు సాగును.

ఆ కాగితములు ఇమ్మని అడుగుటకు జంకనక్కరలేదు. రోగి కోరినచో 72 గంటలలో రికార్డులు ఈయవలెనని భారత వైద్యమండలి 2002 నాటి నిబంధనలే శాసించినవి. జాతీయ మానవహక్కుల సంఘము 2018లో రూపొందించిన రోగుల హక్కుల పత్రమున మరొక వైద్యుని అభిప్రాయము పొందు హక్కు కూడ చేరినది. బయాప్సీ జరిగియున్నచో రిపోర్టుతో తృప్తిపడక, స్లైడులను, ముక్కను పొదిగిన మైనపు దిమ్మెలను సైతము అడిగి తీసికొనిపోవలెను; రెండవ పెథాలజిస్టు చూడవలసినది ముక్కనే గాని మొదటివారి వాక్యమును కాదు. మరియొక జాగ్రత్త: గోధుమ పడదేమోనను అనుమానముతో చపాతీలు స్వయముగా మానివేసి పిమ్మట సీలియాక్ వ్యాధికి రక్తపరీక్ష చేయించుకొన్నచో, ఉన్న వ్యాధియు లేనట్లు వచ్చును.

రెండవ వైద్యుడును మొదటివాని మాటయే చెప్పవచ్చును. బరువు తగ్గక, రక్తము పోక, పరీక్షలన్నియు సరిగానుండి, ఇరువురును ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ అనినచో అంతటితో నిలిచి ఆ చికిత్సను సాగించుట మేలు. స్కానింగులో కనబడనంత మాత్రమున ఆ బాధ కల్పితము కాదు, దానికి మందులును ఆహారనియమములును కలవు. అటుపిమ్మట మూడవ ఆస్పత్రి, నాలుగవ ప్యాకేజీ అని తిరుగుటవలన లాభపడువారు రోగులు కారు.

శ్రీకాకుళమునుండి విశాఖపట్టణపు కింగ్ జార్జి ఆస్పత్రికో, ఆదిలాబాదునుండి హైదరాబాదులోని నిమ్స్‌కో బస్సెక్కు రోగికి దారిఖర్చుతోబాటు ఆనాటి కూలియు పోవును. అట్టివాని చేతికి మొదటి వైద్యుడే, ఎన్నాళ్ళ బాధ, ఏమేమి చూచితిమి, ఏ మందు గుణమీయలేదు అని పది పంక్తుల ఉత్తరము వ్రాసి యిచ్చినచో, అచ్చటివారు మొదటినుండి తడవుకొననక్కరలేదు. ఆ రోగియు నిపుణుని మాట వ్రాయించుకొని మరల తన యూరి వైద్యుని యొద్దకే వచ్చును.