డప్పు గేటు దాకేనా?

పోయిన వారం క్లాసయ్యాక ఒకమ్మాయి అడిగింది: "సార్, మీరు కళాభారతికి అంత ఇష్టంగా ఎందుకు వెళ్తారు? అది మనది కాదు కదా!" అప్పుడు నవ్వేసి ఊరుకున్నాను. ఈ భాగం ఆమెకు జవాబు.

ఇష్టం నిజమే. పిఠాపురం కాలనీలోని ఆ హాలుకు పీజీ రోజుల నుంచీ వెళ్తున్నాను. దాన్ని నడిపేది విశాఖ మ్యూజిక్ అండ్ డాన్స్ అకాడమీ. బయట మద్దిలపాలెం ట్రాఫిక్ మోత, లోపల తంబుర. కమాను ఆగిన తర్వాత కూడా ఒక్క క్షణం ఎవరూ చప్పట్లు కొట్టరు. ఆ క్షణం కోసమే వెళ్తాను. ఇరుకు పేటలో పెరిగినవాడికి నిశ్శబ్దంగా కూర్చుని పాట వినడమే ఒక భోగం. కర్ణాటక సంగీతం వాళ్లది, మనకెందుకు అనే మాట నాకెప్పుడూ రుచించలేదు. చెవి ఎవడబ్బ సొమ్మూ కాదు.

నా పేచీ వేదిక దగ్గర మొదలవుతుంది.

మాది పద్మనాభం వైపు పల్లె. 1794లో విజయనగరం రాజు కంపెనీ సైన్యంతో పోరాడి ప్రాణం విడిచిన నేల. ఆ వంశం వాళ్లే 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసు మొదటి ప్రిన్సిపాల్, ఆయన తర్వాత ద్వారం వెంకటస్వామి నాయుడు. ఘంటసాల చదివింది అక్కడే, మధూకరం ఎత్తుకుని. జోలె పట్టి ఇల్లిల్లూ తిరిగిన ఆ కుర్రాడి ఆకలి మీద నాకు గౌరవం ఉంది. కానీ ఆ కథ పాఠంలో చెప్పే ప్రతిసారీ ఒకచోట గొంతు ఆగుతుంది. అదే వయసులో, అంతే ఆకలితో, అలాంటి గొంతుతోనే మా మాలపేట కుర్రాడు బయలుదేరి ఉంటే ఏ గడప ముందు నిలబడేవాడు? మధూకరం ఒక కులం పిల్లలకున్న స్కాలర్‌షిప్. మన పిల్లలకు స్కాలర్‌షిప్ కావాలంటే అంబేడ్కర్ రావాల్సి వచ్చింది.

తోలుకు మాత్రం ఆ వేదికల మీద ఏ అంటూ లేదు. మృదంగం మూతలకు ఆవు, గేదె, మేక తోళ్లు వాడతారు. ఆ తోలు పని చేసే దళిత కుటుంబాల మీద టి.ఎం. కృష్ణ 'సెబాస్టియన్ అండ్ సన్స్' పుస్తకం రాస్తే, 2020లో దాని ఆవిష్కరణకు ముందు ఒప్పుకున్న చెన్నై కళాక్షేత్ర తర్వాత అనుమతి వెనక్కి తీసుకుంది. తోలు వేదిక ఎక్కొచ్చు, తోలు కథ ఎక్కకూడదు.

నా సంగతీ చెప్పాలి. కొన్నేళ్ల కింద ఒక సదస్సుకు మా నాన్న డప్పు జట్టును పిలిచారు. ఏ హాలో చెప్పను. ముఖ్య అతిథి కారు దిగిన చోటు నుంచి పోర్టికో దాకా వాయించడం వాళ్ల పని. ఆయన లోపలికి రాగానే తలుపులు మూసేశారు. జట్టుకు టిఫిన్ పొట్లాలు గేటు దగ్గరే ఇచ్చి పంపేశారు. లోపల సదస్సు దేని మీదంటారా? జానపద కళల పరిరక్షణ మీద! అందులో పత్రం చదవాల్సినవాణ్ని నేను. చదివాను కూడా. పత్రం బాగుందన్నారు. లేచి బయటికి వెళ్లనందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

మన మిత్రులు కొందరంటారు, మనకు హాళ్లెందుకు, వీధి లేదా అని. విశాఖ షిప్‌యార్డులో పనిచేసిన వంగపండు ప్రసాదరావు గజ్జె కట్టి పాడితే ఏ హాలు అక్కర్లేకుండానే జనం పోగయ్యారు. నిజమే. వీధి గొప్పదని నేనూ ఉపన్యాసాలిచ్చాను. అయితే ఎంచుకున్న వీధి వేరు, తోసేస్తే మిగిలిన వీధి వేరు. ఈ రెంటినీ కలిపేసి గర్వపడటం మనకు అలవాటైపోయింది.

నేనడిగేది చిన్నదే. ప్రారంభోత్సవాల్లో ఐదు నిమిషాల డప్పు వద్దు. ఒక సాయంత్రం రెండు గంటల పూర్తి డప్పు కచేరీ కావాలి. ఆహ్వాన పత్రిక మీద 'డప్పు బృందం' అని కాదు, వాయించే ప్రతి ఒక్కరి పేరూ ఉండాలి. వయొలిన్ విద్వాంసుడికిచ్చే పారితోషికమే వాళ్లకూ ఇవ్వాలి. మృదంగానికి సర్దిన మైకుల్నే డప్పు ముందు పెట్టి, చెవులు పగిలిపోతున్నాయని విసుక్కోకూడదు. సిరిపురంలో గురజాడ పేరు పెట్టుకున్న కళాక్షేత్రం ఉంది. 'లవణరాజు కల' రాసినవాడి పేరది. ముందు అక్కడే అడుగుదాం, ఆ తర్వాత కళాభారతిని. అర్జీ నేను రాస్తాను, సంతకాలు మీరు చేయండి.

మొన్న ఊరెళ్లినప్పుడు ఈ మాట నాన్నకు చెప్పాను. ఆయన కాసేపు ఊరుకుని, "కచేరీ బాగానే ఉంటాదిరా. సముద్రం గాలికి తోలు ఊరికే మెత్తబడిపోతాది. ఆ హాల్లో గడ్డి మంటెట్టుకోనిస్తారేటి?" అన్నాడు.

కనుక్కుంటానన్నాను.