దేశదేశముల యిండ్లు: ఏడు సముద్రముల యెడింబరో

దూరపు పల్లెకు పిల్లనిచ్చుటకు మనవారు వెనుకాడుదురు. "బస్సైన పోని యూరు, పిల్లకు జ్వరము వచ్చిన నెవరు చూతురు?" అని తల్లులు దిగులుపడుదురు. ఎంత మారుమూల పల్లె యైనను మనకు కాలిబాట యొకటి యుండకపోదు. ఈ మాసమున నేను చెప్పబోవు గ్రామమునకు బాట లేదు. విమానము దిగుటకు చోటు లేదు. దక్షిణాఫ్రికాలోని కేప్ టౌను నుండి బయలుదేరు ఓడ యొక్కటియే మార్గము. గాలి యనుకూలించినచో నది వారము దినములకు చేరును. చేరిన పిదప సముద్రము పొంగియున్నచో, ఊరు కంటికి కనబడుచుండగనే, దిగుటకు వీలులేక ప్రయాణికులు ఓడలోనే కూర్చుండవలెను. ఏడాదికి వచ్చు ఓడలను వ్రేళ్లమీద లెక్కింపవచ్చును.

ఈ గ్రామమున్న ద్వీపము పేరు ట్రిస్టన్ డ కూన. 1506లో దీనిని చూచిన పోర్చుగీసు నావికాధిపతి పేరే దీనికి వచ్చినది. ఇది దక్షిణ అట్లాంటిక్ మహాసముద్రము నడుమ నున్నది. జనులు కాపురముండు స్థలములలో దీనికి దగ్గరిది సెంట్ హెలీనా ద్వీపము; ఆ దగ్గరయు 1,500 మైళ్లు! ద్వీపమంతయు ఒక్క అగ్నిపర్వతమే. సముద్రము నుండి గోడవలె లేచి, 6,700 అడుగులకు పైగా పెరిగిన యా కొండ పాదమున, ఉత్తరపు దిక్కున, కొంచెము చదునైన నేల గలదు. ఊరు అచ్చటనే వెలసినది. 1867లో విక్టోరియా రాణి కుమారుడు, ఎడింబరో ప్రభువు, ఇచ్చటికి వచ్చినందున గ్రామమునకు "ఏడు సముద్రముల యెడింబరో" అను పెద్ద పేరు పెట్టిరి. ఊరివారు మాత్రము దానిని "సెటిల్మెంటు" అనియే పిలుతురు.

నెపోలియను సెంట్ హెలీనాలో బందీగా నున్న కాలమున, 1816లో, ఆంగ్లేయులు ఈ ద్వీపమున నొక చిన్న సైనికదళము నుంచిరి. మరుసటి యేడు దళమును తీసివేసినపుడు విలియం గ్లాసు అను స్కాట్లండు సైనికుడు, భార్యయు బిడ్డలును తోడుండగా, ఇచ్చటనే నిలిచిపోయెను. మరి యిద్దరు మగవారును అతనితో నిలిచిరి. వారు వ్రాసికొనిన యొప్పందము ముచ్చటైనది: ఆస్తి యందరిది, లాభము సమానము, ఒకరిపై నొకరికి అధికారము లేదు. నేటికిని అచ్చట నేల యెవరి సొంతమును కాదు. పశువుల నెవరును మితిమీరి పెంచకుండ ఇంటింటికి లెక్క గలదు.

క్రమముగా మరికొందరు నావికులు వచ్చి చేరిరి. వారు బ్రహ్మచారులు. 1827లో వీరిలో ఐదుగురు ఒక ఓడ నాయకుని బ్రతిమాలుకొని, సెంట్ హెలీనా నుండి తమకు భార్యలను తెచ్చిపెట్టు మనిరి. ఉప్పో పప్పో తెప్పించినట్లే! ఆశ్చర్యమేమన, ఐదుగురు స్త్రీలు నిజముగా వచ్చిరి. పిల్లలతో వచ్చినవారును కలరు. పెండ్లికొడుకుల మొగములు చూడలేదు, ఊరు చూడలేదు, నచ్చకున్న తిరిగి పోవుటకు మరియొక ఓడ యెప్పుడు వచ్చునో యెరుగరు. ఎట్టి బీదతనము, ఎట్టి ధైర్యము వారి నా ఓడ యెక్కించెనో మనము ఊహింపవలసినదే. తరతరములుగా ఈ ద్వీపమున ప్రధానములైన యింటిపేర్లు ఏడు: గ్లాసు, స్వేను, గ్రీను, రోజర్సు, హేగను, రెపెటో, లావరెల్లో. ఇవి యన్నియు మగవారు తెచ్చినవే. ఊరు నిలిపిన యా స్త్రీల యింటిపేరు ఒక్కటియు మిగులలేదు.

సంసారము నడుపుట వారికి సులభము కాలేదు. నల్లని అగ్నిశిలలను పేర్చి యిండ్లు కట్టుకొనిరి. ఊరికి పడమట రెండు మూడు మైళ్ల దూరమున, గాలి తగులకుండ రాతిగోడలు పెట్టి, బంగాళాదుంపలు పండించిరి. ఆ దుంపయే వారికి వరియన్నము, జొన్నరొట్టె సర్వమును. డబ్బు చెలామణి లేనందున ఒకప్పుడు అదియే నాణెమును. 1946లో అచ్చటి తపాలా బిళ్ల కొరకు తయారైన నమూనాపై ఒక పెన్నీతోపాటు "నాలుగు దుంపలు" అని వెల వేసిరి! ఆడువారు గొఱ్ఱెయున్ని వడికి, మేజోళ్లు, చొక్కాయలు అల్లుదురు. పూర్వము యువతి తన మనసిచ్చిన వానికి అల్లియిచ్చు మేజోళ్లపై రంగుచారలు వేసెడిదట. చారలు హెచ్చినకొలది ప్రేమ హెచ్చని యర్థము. ఉత్తరము వ్రాయకయే ఊరందరకు తెలియునట్లు చెప్పుట యిదియే కాబోలు.

1885 నవంబరు 28వ తేదీన దూరముగా పోవుచున్న తెరచాప యోడ యొకటి కనబడెను. దానితో సరుకు మార్చుకొనవలెనని పదునైదుగురు మగవారు పడవ నెక్కి సముద్రమున కేగిరి. ఒక్కడును తిరిగి రాలేదు. వయసున నున్న పురుషులలో అధికభాగ మా పడవతోనే పోయిరి. ఊరిలో మిగిలినవారు వృద్ధులు, పిల్లలు, విధవలు. తరువాతి యేండ్లలో కొన్ని కుటుంబములు ద్వీపమును విడిచిపోయినవి. మిగిలినవారు దుంపలు త్రవ్వుకొనుచు నిలిచిరి. 1892లో ఓడ పగిలి యొడ్డునకు చేరిన యిటలీ నావికులలో ఇద్దరు ఇచ్చటనే పెండ్లాడి స్థిరపడిరి. వారి స్వగ్రామము కామోల్యి. ఊరి ఆసుపత్రికి నేడా పేరే యున్నది.

ఇక 1961వ సంవత్సరము. ఆగస్టు మొదలు భూమి కంపించుచుండెను. అక్టోబరులో ఊరి ప్రక్కనే నేల చీలి, ఉబ్బి, నిప్పులు కక్కనారంభించెను. 260 మందికి పైబడిన జనము, చంకబిడ్డలు మొదలు ముసలివారి వరకు, చేతికందినది పట్టుకొని దుంపల తోటలకు పరుగెత్తి, మరునాడు పడవలలో ప్రక్కనున్న నిర్జనద్వీపమునకు, అచ్చటినుండి యోడమీద కేప్ టౌనునకు, చివరకు ఇంగ్లండునకు చేరిరి. అచ్చటి ప్రభుత్వము ఇండ్లిచ్చెను, పనులిచ్చెను. విద్యుద్దీపములు, సినిమాలు, అంగళ్లు, సమస్తము చేరువనే. కాని చలికాలపు జలుబులును, ఊపిరితిత్తుల జబ్బులును వారిని పీడించినవి. కొందరు వృద్ధులు మరణించిరి. తలుపు తాళము వేయుట యెరుగనివారికి దొంగల భయ మొకటి.

తిరిగి పోవుదురా, యిచ్చటనే యుందురా యని 1962 డిసెంబరులో వారి నడిగి ఓట్లు తీసిరి. పోవుదు మన్నవారు 148, వద్దన్నవారు 5! సుఖమును చేతులార వదలుకొనుచున్నారని లోకము వింతపడెను. నాకు వింత తోచదు. తనది కాని పెద్ద యింటికన్న తనదైన వంటిల్లు మేలని యెరిగినవారు మనలో లేరా? అయినను తిరిగిపోయిన వారందరును సంతోషముగా నుండిరనుట సరికాదు. 1966లో కొన్ని కుటుంబములు మరల ఇంగ్లండునకు పోయినవి.

1963లో ఇల్లు చేరినవారికి ఇండ్లు చాలవరకు నిలిచియే యుండెను. రొయ్యల కర్మాగారమును, పడవలు దింపు తీరమును లావా క్రింద పోయినవి. 1967 నాటికి క్రొత్త రేవు కట్టుకొనిరి. గట్టి డిప్ప గల పెద్ద సముద్రపు రొయ్యయే నేటికిని వారి ముఖ్యాదాయము. ఊరి జనసంఖ్య ఇప్పుడు 250కి లోపు. ఊరి సభలో ఎన్నికైన ఎనమండుగురిలో ఒక్కరైన స్త్రీ యుండితీరవలెనని నియమము. కొద్ది కుటుంబముల సంతతియే యగుటచే ఉబ్బసము అనేకులకు గలదు. ఆసుపత్రి యున్నది, వైద్యులున్నారు. కాని కష్టమైన కాన్పైనను, పెద్ద శస్త్రచికిత్స యైనను ఓడ రావలెను, కేప్ టౌను చేరవలెను. పదునారేండ్లు దాటిన పిల్లలు పైచదువునకు సముద్రము దాటవలెను. వారు తిరిగి వత్తురో రారో యని తల్లులు లెక్క పెట్టుకొనుచుందురు.

డిసెంబరు చివరి రాత్రి మాత్రము ఊరంతయు కోలాహలము. యువకులు వేషములు వేసి, మొగములకు ముసుగులు కట్టి, ఇంటింటికి పోయి ఆడువారిని, పిల్లలను బెదరింతురు. వీరిని "ఓకలోలీలు" అందురు. మూడువందలైన లేని జనములో నడక చూచి మనిషిని గుర్తుపట్టలేనివా రుందురా? భయపడువారు నిజముగనే భయపడుదురో, ముసుగు వేసినవాని మర్యాద కాపాడుటకో!