ఒక్క వైరు, ఆరు ప్రాణాలు

2024 మార్చి 26 అర్ధరాత్రి దాటాక అమెరికాలోని బాల్టిమోర్‌లో ‘డాలి’ అనే కంటైనర్ ఓడ వంతెనను గుద్దింది. వంతెన మీద నైట్ డ్యూటీలో గుంతలు పూడుస్తున్న ఆరుగురు కార్మికులు చనిపోయారు. వాళ్లూ మనలాగే పొట్ట చేతపట్టుకొని దేశం దాటి వచ్చినవాళ్లే. ఓడ సిబ్బందిలో ఎక్కువమంది భారతీయులు.

అమెరికా రవాణా భద్రతా బోర్డు 2025 నవంబర్‌లో కారణం తేల్చింది. ఒక వైరుకు తొడిగిన లేబుల్ అడ్డుపడి, వైరు టెర్మినల్‌లోకి పూర్తిగా దిగలేదు. అది వదులై బ్రేకర్ ట్రిప్పయింది. కరెంటు పోతే పంపులు ఆగుతాయి, పంపులు ఆగితే ఇంజన్ ఆగుతుంది, ప్రొపెల్లర్ తిరగకపోతే చుక్కాని తిప్పినా ఓడ సరిగా మాట వినదు. కరెంటు వచ్చినట్టే వచ్చి మళ్లీ పోయింది. జనరేటర్లకు ఆయిల్ అందించడానికి వాడుతున్న పంపు, దానంతట అది తిరిగి స్టార్టయ్యే రకం కాదు మరి.

మెరైన్ ఇంజనీరంటే ఇంజన్ నడిపేవాడని అనుకుంటాం. అసలు పని, ఒకటి ఆగితే రెండోది అందుకునేలా చూడటం. ఓడలో వేల కనెక్షన్లు, చూసే చేతులు కొన్నే. అందుకే తనిఖీకి టైము ఇవ్వాల్సింది యాజమాన్యం.

మనల్ని ఎక్కువ బాధపెట్టేది ఇంకోటి ఉంది. పోలీసులు వంతెన మీదికి వచ్చే బండ్లను ఆపారు. పైన పనిచేస్తున్నవాళ్లకు మాత్రం కబురు అందలేదు. వెంటనే చెప్పి ఉంటే తప్పించుకునే వీలుండేదని బోర్డే అంది.

అన్నలారా, రేపు డ్యూటీ ఎక్కేముందు మన ఫోర్‌మన్‌ను అడుగుదాం: ప్రమాదమొస్తే మాకు చెప్పేదెవరు, మేం పోవాల్సిందెటు?